ఆదివారం సెలవు లేని ఉచ్చు

మా మామయ్యగారు ఆదివారం పని ముట్టరు. సంఘపెద్ద కదా. ఆ రోజు గడ్డం గీసుకోరు, పొలం వైపు చూడరు, మిరపచేనుకు నీళ్ళు పెట్టే మనిషికి ఫోన్ కూడా చేయరు. అత్తయ్యా నేనూ తెల్లారకముందే లేచి, చర్చికొచ్చిన వాళ్ళలో సగం మందికి వండిపెట్టడం మాత్రం పని కిందికి రాదు. అది పరిచర్య.

మిగతా రోజుల్లో ఆయన వేటగాడు. అడవిపందులు చేను తొక్కుతున్నాయని సాకు. పత్తిచేని కంచెకు కంత పడిన చోటల్లా పాత బైకు క్లచ్ వైరుతో ఉచ్చు వేసేవారు. అందులో చిక్కిన జంతువు గింజుకునేకొద్దీ వైరు బిగుస్తుంది. అది నేరమని మావారు ఎన్నిసార్లు చెప్పినా, "జంతువుల మీద దేవుడు మనకు అధికారం ఇచ్చాడురా" అనేవారు. ఆ అధికారం మా వంటింట్లో కూరగా ఉడికేది. సంఘమంతా లొట్టలేసుకుంటూ తినేది. పాస్టరుగారు, పాపం, ఇంకాస్త వడ్డించమని నోరు తెరిచి అడగరు. కంచం కొంచెం ముందుకు జరుపుతారంతే.

ఉచ్చు వేసినవాడు రోజూ పొద్దున్నే వెళ్ళి చూసి రావాలి. మామయ్యగారు శనివారం వేసిన ఉచ్చును సోమవారం దాకా చూసేవారు కాదు. ఆదివారం ఉచ్చు చూడటం పని కదా మరి. పోనీ శనివారమే విప్పేసి రావచ్చుగా అంటే, "పందులకు ఆదివారం లేదమ్మాయ్" అనేవారు. అలా ప్రభువు దినాన ఆయన విశ్రాంతి తీసుకునేవారు, ఆయన వైరు పని చేసేది.

ఆయనకో నల్లకుక్క ఉంది. కుందేళ్ళ వేటకని తెచ్చుకున్నారు. ఆయన కంచంలో మొదటి ముద్ద దానిదే. మావారిని చిన్నప్పుడు ఆయన ఎత్తుకోగా చూసినవాళ్ళు లేరు గానీ, చలికాలం వస్తే ఈ కుక్కకు తన దుప్పట్లోనే చోటు. కిందటేడు పత్తి తీతలప్పుడు ఒక శనివారం సాయంత్రం అది ఇంటికి రాలేదు.

మర్నాడు ఆరాధనలో మామయ్యగారు లేచి ప్రార్థన చేయమని అడిగారు. సంఘమంతా మోకరించి కుక్క కోసం ప్రార్థించింది. నేనూ చేశాను. చేస్తుంటే మధ్యలో కంచె గుర్తొచ్చింది.

బయటికి రాగానే అడిగాను. "మామయ్యగారూ, ఉచ్చుల దగ్గర చూశారా అండీ?"

ఆయన ముఖం పాలిపోయింది. "నాతో తిరిగిన కుక్క. ఆ చోట్లన్నీ దానికి తెలుసమ్మాయ్. అయినా ఈ రోజు..."

"ఈ రోజు ప్రభువు దినం. సోమవారం దాకా ఓపిక పట్టమని దానికెవరు చెప్తారండీ?"

అత్తయ్య ఆయన చేతిలోని బైబిలు తీసుకుని, బైకు టూల్‌బాక్సులోంచి కటింగ్ ప్లేయరు తీసి అదే చేతిలో పెట్టారు.

తెల్లపంచెతోనే పరిగెత్తారు. వెనకాలే మేమూ. కుక్క బతికే ఉంది. ముందుకాలికి వైరు ఎముక దాకా దిగింది. ఎంత గింజుకుందో ఏమో, చుట్టూ పత్తిమొక్కలు నేలకు అంటుకుపోయి ఉన్నాయి. ఆయన్ని చూసి తోక ఊపింది. వైరు తెంచుతుంటే ఆయన చెయ్యి నాకింది. బాగా దెప్పుదామని దారంతా మాటలు పేర్చుకుని వెళ్ళానా, ఒక్కటీ నోట రాలేదు. ఏడుపొచ్చింది.

ఒంగోలులో పశువుల డాక్టరు ఆ కాలు తీసేశారు.

ఉచ్చులన్నీ ఆయనే తెంచి పారేశారు. సంఘం ముందు ఒప్పుకున్నారు కూడా. ఆ వారం పాస్టరుగారు క్షమాపణ మీద చక్కటి ప్రసంగం చేశారు. తాను తిన్న కూర సంగతి ఎత్తలేదనుకోండి. దేవుడు మామయ్యగారిని క్షమించాడని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. కుక్కయితే ఆ కంచె దగ్గరే క్షమించేసింది. కాలు మాత్రం మళ్ళీ రాలేదు.

ఇప్పటికీ ఆదివారం వస్తే అది మూడు కాళ్ళతో గెంతుకుంటూ ఆయన వెంట చర్చికి వచ్చి గుమ్మం దగ్గర పడుకుంటుంది. ఒకప్పుడు సాక్ష్యం చెప్పడానికి లేచిన మామయ్యగారిని కూర్చోబెట్టడం ఎవరి తరమూ అయ్యేది కాదు. ఇప్పుడు పాస్టరుగారు పిలిస్తే, సరేనని లేవబోతారు. ఆయన కదలగానే గుమ్మంలో కుక్క కూడా లేవాలని తంటాలు పడుతుంది. అది చూసి ఆయన మళ్ళీ కూర్చుంటారు.