కుప్పమ్మకు నేర్పని తీసివేత

2006 జూన్ 5, సోమవారం, ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు మనవరాలిని చేర్చడానికి చర్చి బడిలోకి అడుగుపెట్టాను. నల్లబల్లకు అప్పుడే బొగ్గుపొడి, దొండాకు కలిపి రుద్దినట్టున్నారు. ఆ పచ్చివాసనకు నా కాళ్లు ఆగిపోయాయి.

యాభై మూడేళ్ల క్రితం అదే గదిలో నేను మూడో తరగతి చదివాను. మా సిస్టరమ్మ నియమం ఒకటే. లెక్క వచ్చిన పిల్ల పక్కపిల్లకు నేర్పాలి, ఇద్దరూ కలిసే ఇంటికి పోవాలి. అది నాకు వేసిన శిక్ష అనుకునేదాన్ని. నా పక్కన కుప్పమ్మ కూర్చునేది. పరీక్ష తప్పితే మేకల వెంట పంపుతానని వాళ్ల నాయన ఆమెకు ముందే చెప్పాడు.

పరీక్షకు ముందురోజు సాయంత్రం సిస్టరమ్మ కుప్పమ్మను యాభై మూడులోంచి ఇరవై ఏడు తీసెయ్యమంది.

"మూడులో ఏడు ఎట్ల పోతుందే? ఇంగొకసారి చెప్పవే."

"నీ తలలో ఉండేది మట్టేనా? ఇరవై ఆరని రాసెయ్. నాకు ఆకలవుతాంది."

"రేపు నువ్వు నా పక్కన ఉండవు గదే," అంది ఏడుపు గొంతుతో. అయినా రాసింది.

సిస్టరమ్మ పలక చూసి, "నేర్పినావా?" అని నన్ను అడిగింది. తలూపాను. నమ్మి పంపింది.

మరునాడు కుప్పమ్మ తీసివేతలన్నీ తప్పు చేసింది. సెలవుల తరువాత బడికి రాలేదు.

ఒక పిల్ల చదువును ఇంకో పిల్ల చేతిలో పెట్టడమే ఆ బడి గొప్పతనమని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఐదో తరగతి దాకా ఉన్న ఆ బడిలో కుప్పమ్మకు మిగిలిన రెండు తరగతులు పోయాయి. నాకు కుప్పమ్మ పోయింది. నేర్పి ఉంటే పావుగంట పట్టేది.