గుర్రం నోట్లో గడ్డి

కూర్మన్నపాలెంలో జట్కా తోలే చలమయ్య నోట్లో చుట్ట ఆరేది కాదు. గుర్రానికి నీళ్లు పెట్టందే తాను టీ తాగేవాడు కాదు. ఆ వేసవిలో గుర్రం నమలడం మరిచిపోయి, నోట్లో గడ్డి వేలాడుతుండగా గోడకు తల ఆనించి నిలబడేది.

"ఏటి బావా, నీ గుర్రం సుట్ట కాలుస్తందా?" అన్నాడు ఆటో వీర్రాజు.

"నన్ను సూసే నేర్సీసింది," అంటూ చలమయ్యే ముందు నవ్వాడు. జట్కా ఎక్కిన ప్రతివాళ్లకూ ఆ మాట చెప్పి నవ్వించాడు.

గుర్రం కూలబడ్డాక వచ్చిన పశువుల డాక్టరు, నోట్లో గడ్డి అలా వేలాడటం, గోడకు తల ఆనించడం అంతా మెదడుకు పట్టిన జబ్బేనని, మందు లేదని చెప్పాడు. తెల్లారేసరికి అది చచ్చిపోయింది.

ఇప్పుడు చలమయ్య గుర్రం బకెట్టుతోనే ఆటోనగర్‌లో లారీలు కడుగుతున్నాడు. నోట్లో చుట్ట వేలాడుతుంటుంది గానీ, వెలిగించడు. ఎవరైనా అగ్గిపెట్టె చాపితే, "ఇలాగే ఉండనీ బావా," అంటాడు.