బాబాయి, రెండు రోజుల నట్టు

మా బాబాయి ఇరవై ఏళ్లుగా జనానికి కారు నడపడం నేర్పుతున్నాడు. ఎవరైనా తడబడితే చాలు, "కుడి ఏదో ఎడమ ఏదో తెలియనివాళ్లు కారెందుకు ముట్టుకుంటారయ్యా?" అని అంతెత్తున లేస్తాడు.

తన కారు షాక్ అబ్జార్బర్లు తుప్పుపట్టి పోతే, "మెకానిక్ ఎందుకు, నేను లేనా?" అంటూ జీవితంలో మొదటిసారి పానా పట్టాడు. కారు కింద వెల్లకిలా పడుకుని, రెండు రోజులు ఒకే నట్టుతో కుస్తీ పట్టాడు. నూనె తాగించాడు, సుత్తితో బాదాడు, దాని ఏడు తరాలనూ తిట్టాడు. అది ఇసుమంతైనా కదల్లేదు.

కాఫీ తెచ్చిన పిన్ని వంగి చూసింది.

"ఏమండీ, నట్టు అవతలి వైపుంది కదా. మీరు ఎడమకి తిప్పితే బిగుస్తుంది, కుడికి తిప్పాలి."

బాబాయి కుడికి తిప్పగానే నట్టు కిర్రుమని కదిలింది.

పిన్ని గ్లాసు కింద పెట్టింది. "కుడి ఏదో ఎడమ ఏదో తెలియనివాళ్లు కారెందుకు ముట్టుకుంటారండీ?"