నా హస్తమును నొక్కుము

ఆ రోజుల్లో, అంటే చదువు ముగించి కరీంనగర్‌లో ఒక ఆసుపత్రి ఐసీయూలో పరిశోధన సహాయకుడిగా చేరిన కొత్తలో, లోకంలో దేన్నయినా వరుస నంబర్లు వేసి గడుల్లో పెట్టవచ్చని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. (పెళ్లిచూపులకు కూడా ఒక పట్టిక తయారు చేసుకున్నాను. అది ఇప్పటికీ ఖాళీగానే ఉంది.) నర్సులు నాకు 'టిక్కుల సార్' అని పేరు పెట్టారు. ఐసీయూలో పడుకున్నవాళ్లకు ఒక్కోసారి మతి చెదురుతుంది. కళ్లు తెరిచే ఉంటారు, ఎక్కడున్నారో తెలియదు. దాన్ని కనిపెట్టే ఇంగ్లిష్ పరీక్షను మేము తెలుగులోకి మార్చాం. అది చెప్పేదీ, మానసిక వైద్యుడు చూసి చెప్పేదీ ఒకటవుతాయా లేదా తేల్చాలి. అనువాదం ఎక్కువ భాగం నాదే. తప్పు దొర్లకూడదని నిఘంటువు పక్కన పెట్టుకుని మరీ రాశాను. "నేను 'క' అను అక్షరమును పలికినప్పుడెల్ల నా హస్తమును నొక్కుము" అన్న వాక్యం చూసుకుని ఎంత మురిసిపోయానో!

మొదటి రోగి ఖానాపూర్ తాత. న్యుమోనియాతో వచ్చాడు, గొంతులో గొట్టం తీసేశాక కోలుకుంటున్నాడు. "మతి తేటగా ఉంటే ఈరోజే వార్డుకు పంపుదాం" అన్నారు పెద్ద డాక్టర్. వార్డయితే తాత భార్య, అవ్వ, పక్కనే కూర్చోవచ్చు. ఆమె నన్ను తలుపు దగ్గరే ఆపింది. "బిడ్డా, జర మంచిగ చూడు. నేను పక్కన లేకుంటె ఆయన బువ్వ సుత సక్కగ తినడు."

నేను మంచం పక్కన నిటారుగా నిలబడి, తాత చెయ్యి పట్టుకుని, కాగితం తెరిచి గంభీరంగా చదివాను. తాత కళ్లు మూసుకుని తల వంచాడు. అక్షరాలు ఒక్కొక్కటే పలికాను. చెయ్యి కదలలేదు. చివర్లో మాత్రం "ఆమెన్" అన్నాడు. మళ్లీ మొదటి నుంచి, గొంతు పెంచి చదివాను. ఈసారి తాత రెండో చెయ్యి గుండెల మీద పెట్టుకున్నాడు. "మత్స్యములు వృక్షములపై నివసించునా?" అని అడిగాను. "ఆమెన్, ఆమెన్!"

"ఏమాయె టిక్కుల సార్?" అంది సిస్టర్.

"మతి లేదు సిస్టర్."

"గదేంది! పొద్దుగాల ఇడ్లీకి చట్నీ లేదని నా మీద లొల్లి పెట్టిండు గదా!"

చట్నీకి నా పట్టికలో గడి లేదు. ఎర్ర పెన్ను తీశాను. అంతలో చూసేవాళ్లను లోపలికి వదిలే వేళయింది. అవ్వతో పాటు వాళ్ల మెథడిస్టు సంఘం నుంచి ఒకామె వచ్చింది. మంచం పక్కన నిలబడి, తాత చెయ్యి పట్టుకుని, చిన్న పుస్తకం తెరిచి, "దయగల తండ్రీ, నీ హస్తమును చాపుము" అని మొదలుపెట్టింది. తాత కళ్లు మూసుకుని తల వంచాడు. అచ్చం ఇందాకటిలాగే. ఆమె వాక్యమూ నా వాక్యమూ ఒకే మగ్గం మీద నేసినట్టున్నాయి. నేను పెన్నుకు మూత పెట్టేశాను.

వాళ్లు వెళ్లాక కాగితం జేబులో పెట్టి, స్టూలు లాక్కుని కూర్చున్నాను. "తాతా, ఇందాక నేనేం చేసిననుకున్నవ్?"

"ప్రార్థన గదా బిడ్డా. మంచిగనే చేసినవ్ గని..." కాస్త మొహమాటపడ్డాడు. "జర పొడుగాయె. నా హస్తమును నొక్కుమని దేవుణ్ణి అడుగుతున్నవనుకున్న. నడుమల నేనెట్ల నొక్కుత? ఆఖరికి చేపల గురించి ఎందుకు మొరపెట్టుకున్నవో సమజ్ కాలే. సదువుకున్నోళ్ల ప్రార్థన గిట్లనే ఉంటదేమో అని ఊకున్న."

"ప్రార్థన కాదు తాతా, పరీక్ష. నేను 'క' అన్నప్పుడల్లా నా చెయ్యి పిసుకు."

"గట్ల చెప్పరాదు మరి!"

నాగలి పట్టిన చెయ్యి అది. ప్రతి 'క'కూ నా వేళ్లు పటపటమన్నాయి; ఒక్కటీ తప్పలేదు. "చేపలు చెట్ల మీద ఉంటయా?" అంటే, నా ముఖంలోకి పరీక్షగా చూసి, "నీకు గిన మతి తప్పిందా బిడ్డా?" అన్నాడు. అంతకన్నా సరైన జవాబు నా కాగితంలో లేదు. (అనువాదం మళ్లీ మొదటి నుంచి మొదలైంది. ఈసారి నిఘంటువు బీరువాలోనే ఉండిపోయింది.)

సాయంత్రం వార్డుకు వెళ్తే, అవ్వ ముద్దలు కలిపి పెడుతుంటే తాత తింటున్నాడు. నన్ను చూసి, మూతి తుడుచుకుని, నా చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. "తండ్రీ, గీ పిలగాడు మంచోడు. ప్రార్థన చేసుడొక్కటే రాదు. జర నేర్పియ్యి."

నేనూ తల వంచి, కళ్లు మూసుకుని నిలబడ్డాను. అందులో 'క' ఎన్నిసార్లు వచ్చిందో నాకు తెలియదు. ఆ క్షణాన ఎవరైనా నాకు ఆ పరీక్ష పెట్టి ఉంటే, టిక్కుల సార్ నిస్సందేహంగా తప్పేవాడు.