డ్యూరాన్ నెత్తిన గంప

గుండెల మీద బండ పెట్టుకుని తిరిగానని రాస్తే చదవడానికి బావుంటుంది. కానీ అబద్ధం. నేను మోసింది బండ కాదు. కంప్యూటర్ తెర మీద పెసరగింజంత గడి, అందులో ఒక టిక్కు. దాన్ని ఒకరోజు తీసేశాను. అప్పట్నుంచీ వేళకి అన్నం తిన్నాను, నిద్రపోయాను, పెళ్లి చేసుకున్నాను, ముప్ఫై నిండకుండానే కాస్త పొట్ట కూడా వచ్చింది. బరువు మోసేవాడి లక్షణాలు ఒక్కటీ లేవు. అయినా ఉంది. ఉందని మీకే మొదట చెబుతున్నాను.

పేరు చెప్పను. చెప్పినా మీకు ఒరిగేదేం లేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. మా మేనమామకి బందరు బస్టాండు దగ్గర కంప్యూటర్లు బిగించి అమ్మే కొట్టు ఉండేది. డిగ్రీ అయ్యీ అవకుండానే అందులో చేరాను. బేరం ఎప్పుడూ ప్రాసెసర్ దగ్గరే ఆగేది. జనం పెంటియం కావాలని వచ్చి, ధర విని, మంచినీళ్లడిగి, "దాని తమ్ముడెవరైనా ఉన్నాడా అండీ" అనేవాళ్లు. ఉన్నాడు. సొంత తమ్ముడు సెలెరాన్. వేరే ఇంటి పిల్లాడు, అంటే వేరే కంపెనీవాడు, డ్యూరాన్. చవకలో కంప్యూటరంటే ఈ ఇద్దరిలో ఒకడు.

కొట్టు ముందు ఒక నల్లబల్ల పెట్టి, శనివారం శనివారం చవక ప్రాసెసర్లకి మార్కులు వేసేవాణ్ని. పనికెన్ని, ధరకెన్ని, పక్కన ఒక ముక్క వ్యాఖ్యానం. మొట్టమొదట వచ్చిన సెలెరాన్‌లో కాష్ ఉండదు, అంటే చేతికందే దూరంలో పెట్టుకునే చిన్న జ్ఞాపకం ఉండదు. దాని పక్కన "మనిషి మంచివాడే, మతిమరుపు" అని రాశాను. కే సిక్స్ అనే ఇంకో పాత ప్రాసెసర్ పక్కన "ఉత్తరాలు టైపు చేస్తాడు, ఆటలాడమంటే ఆయాసం" అని రాశాను. జనం చదివి నవ్వేవాళ్లు. నవ్వి, నేను మొదట రాసిందే కొనేవాళ్లు. గుడివాడ నుంచి, పెడన నుంచి బస్సెక్కి వచ్చి "బోర్డు రాసే అబ్బాయి ఉన్నాడా అండీ" అని అడిగేవాళ్లు. మీసాలు సరిగ్గా రానివాడికి అంతకంటే ఏం కావాలి? ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా ఛాతీ కొంచెం ముందుకొచ్చింది. తప్పు ఒప్పుకునేవాడు ఇలా కూర్చోకూడదేమో.

ఆ బోర్డు మీద మొదటి స్థానం ఎప్పుడూ కొత్త సెలెరాన్‌దే. కారణం సింపుల్. దాని పెట్టె మీద వేగం పదకొండొందల మెగాహెర్ట్జ్ అని ఉండేది. డ్యూరాన్ మీద తొమ్మిదొందలు. మా వైపు మోటారైనా ట్రాక్టరైనా హార్స్‌పవర్ అడిగి కొంటారు. పెద్ద అంకె పెద్దది. ఒకటో తరగతి పిల్లాడికి తెలిసిన విషయం. నాకూ అంతవరకే తెలుసు.

నాతోపాటు పనిచేసే ప్రభుదాసుది కోడూరు. వాళ్ల నాన్న రొయ్యల చెరువులు చూసేవాడు. ఆ చెరువు గట్టు మీదకి మళ్లీ రానని ఇంట్లో చెప్పి వచ్చాడు ప్రభుదాసు. నన్ను బావా అనేవాడు, నేనూ వాణ్ని బావా అనేవాణ్ని. మా ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు, అందుకే బాగా పడేది. నా బోర్డుని ఒప్పుకోనివాడు ఊరు మొత్తానికి వాడొక్కడే.

"అడుగులెన్ని వేసిందని కాదు బావా, అడుగుకి ఎంత మోసిందో చూడాలి. నాట్లకి మనుషుల్ని ఎత్తు కొలిచి పిలుస్తామా? సాయంత్రానికి ఎంత నాటారో చూస్తాం" అనేవాడు. డ్యూరాన్ చిన్న అంకెతోనే ఎక్కువ పని చేస్తుందని, ధర కూడా తక్కువేనని, మిగిలినదానితో మెమరీ ఎక్కువ వేసుకోవచ్చని వాడి లెక్క. వేడెక్కుతుందని, ఫ్యాను గోల చేస్తుందని కూడా వాడే చెప్పేవాడు. తన సరుకులో లోపం తనే చెప్పేవాడు వ్యాపారానికి పనికిరాడని మా మావయ్య తీర్మానం.

ఇలా ఉండగా పెడన నుంచి వెంకటరత్నం గారు వచ్చారు. ఆయనకి కలంకారీ అద్దకం షెడ్డు ఉంది. చెక్క అచ్చుల బొమ్మల్ని స్కాన్ చేసి, చీర పొడుగునా తెర మీదే పరిచి చూసుకుని, నచ్చితేనే కొత్త అచ్చు చెక్కించాలని ఆయన ఆలోచన. దానికి కొన్ని కంప్యూటర్లు కావాలి. వాటిని చూసుకుంటూ షెడ్డులోనే ఉండే మనిషి కావాలి. మేమిద్దరం చెరో పక్కన నిలబడి వాదించుకుంటుంటే ఆయన చెయ్యెత్తి ఆపారు. మాటలొద్దు, రెండూ పక్కపక్కన పెట్టి ఒకే బొమ్మ పరిచి చూపించండి, ఏది ముందు ముగిస్తే దాన్ని బిగించిన కుర్రాణ్ని నాతో తీసుకెళ్తాను అన్నారు.

ప్రభుదాసుకి ఆ ఉద్యోగం కావాలి. కొట్టు జీతంతో వాడు బందరులో ఎన్నాళ్లో నెగ్గుకురాలేడు, అది వస్తే చెరువు గట్టు ఎక్కక్కర్లేదు. నాకు పెడన వెళ్లే ఉద్దేశమే లేదు. నాకు కావలసింది బోర్డు మీద మొదటి పేరు అలాగే ఉండటం. అంతే. ఈ ముక్క నాలో నేను చాలాసార్లు చెప్పుకున్నాను, ఎన్నిసార్లు చెప్పుకున్నా అందంగా రాలేదు.

పోటీకి ముందురోజు అందరూ భోజనాలకి వెళ్లినప్పుడు రెండు కంప్యూటర్ల మీదా అదే బొమ్మ నేనొక్కణ్నే నడిపి చూశాను. మెమరీ సమానం, హార్డ్ డిస్కులు సమానం. డ్యూరాన్ గెలిచింది. మళ్లీ నడిపాను. గెలిచింది. బల్లలు మార్చాను. గెలిచింది. చివరికి నేను కుర్చీ మారి కూర్చుని చూశాను. కుర్చీకీ దానికీ సంబంధం లేదని అప్పుడు తేలింది.

సుద్దముక్క జేబులోనే ఉంది. బయటికి వెళ్లి బోర్డు తుడిచి, ఈ వారం నేను తప్పు అని ఒక ముక్క రాసి, పక్కన ఏదో జోకు పడేస్తే జనం నవ్వేసి ఊరుకునేవాళ్లు. మరి ఎందుకు రాయలేదు? పరువు కోసమా? ఏం పరువు, బస్టాండు పక్కన నల్లబల్లకి ఏం పరువుంటుంది? బహుశా ఊళ్లో నాకు ఇంకేమీ లేకపోవడం వల్లనేమో, ఆ బల్ల తప్పితే నేను మేనమామ కొట్లో ఊడ్చే మేనల్లుణ్నే కాబట్టి కావచ్చు, లేదా ఇవన్నీ తర్వాత తీరిగ్గా కుట్టుకున్న కారణాలై, అప్పుడు మాత్రం నాకు ఉత్తినే ఓడిపోవడం ఇష్టం లేకపోయి ఉండవచ్చు. చివరిదే నిజంలా కనిపిస్తుంది.

మర్నాడు వెంకటరత్నం గారిని బస్సు దగ్గర్నుంచి తీసుకురావడానికి ప్రభుదాసు వెళ్లాడు. నేను డ్యూరాన్ ముందు కూర్చున్నాను. అప్పటి విండోస్‌లో హార్డ్ డిస్కు సెట్టింగుల్లో డీఎంఏ అని ఒక గడి ఉండేది. అందులో టిక్కు ఉంటే డిస్కులోని సరుకు తనంతట తనే నేరుగా మెమరీలోకి వెళ్తుంది. టిక్కు తీస్తే ప్రతి గంపా ప్రాసెసర్ నెత్తిన పెట్టుకుని మోయాలి. పైకి ఏమీ కనిపించదు. అంకె అదే తొమ్మిదొందలు. టిక్కు తీసి, మళ్లీ స్టార్ట్ చేసి, టీ చెప్పాను. చాలా శుభ్రమైన పని. ఒక్క స్క్రూ ముట్టుకోలేదు. సిగ్గుపడుతూ రాయాల్సిన వాక్యం ఇది. పనితనం మీద ఇంకా కొంచెం గర్వమే ఉంది.

పోటీకి జనం బాగానే వచ్చారు. బండలాగుడు పోటీలకి ఈల వేసినట్టు వేశారు కొందరు. తెరల మీద చీర అచ్చులోని మామిడిపిందెలు వరసగా పరుచుకుంటూ వచ్చాయి. సెలెరాన్ ముందు ముగించింది. ఎంత ముందు? చెప్పుకోదగ్గంత కాదు. డ్యూరాన్ ఆఖరి వరసలో ఉంది, ఇంకో నాలుగు పిందెలు మిగిలాయి. జనం చప్పట్లు కొట్టారు. ఆ గదిలో నాకొక్కడికే తెలుసు, గంపలన్నీ నెత్తిన మోస్తూ అది అంతవరకు వచ్చిందని. అంత మంచి ఓటమి నేను మళ్లీ చూడలేదు. లేచి దానికి దండం పెట్టాలనిపించింది. పెట్టలేదు. నేను గెలిచినవాణ్ని కదా.

ప్రభుదాసు మళ్లీ పరీక్షిస్తాడని నాకు తెలుసు. అందుకే ఆ డ్యూరాన్‌ని గుడివాడలో డీటీపీ చేసే ఆయనకి ముందే కుదిర్చి ఉంచాను. వాడు వెంకటరత్నం గారిని సాగనంపి వచ్చేసరికి అది పెట్టెలోకి ఎక్కింది. మూత వేసేముందు టిక్కు మళ్లీ పెట్టాను. కస్టమరుకి అన్యాయం చేసేవాణ్ని కాను. ఈ నీతి ఎక్కణ్నుంచి వచ్చిందో నాకిప్పటికీ అర్థం కాదు. తర్వాత గుడివాడ ఆయన ఫోన్ చేసి, బాబూ, మెషిన్ పరిగెడుతోంది, అన్నారు. చాలా సంతోషం అండీ అని పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు.

ఖాళీ బల్ల ముందు నిలబడి ప్రభుదాసు అడిగాడు.

"బావా, నా లెక్క ఎక్కడ తప్పిందిరా?"

"ఎక్కడో తప్పిందిలే. నీకు రొయ్యల లెక్క వచ్చు, ఇవి వేరే జీవాలు."

"అది కాదురా. నువ్వు చూశావుగా. తప్పు నీకు కనబడుంటుంది. చెప్పరాదూ?"

"పెద్ద అంకె పెద్దదిరా బావా. ఇందులో చెప్పేదేముంది?"

వాడు నవ్వాడు. వాడికి నా జోకులంటే ఇష్టం. ఆ నెలాఖరుకి కోడూరు బస్సెక్కాడు. వాడు వెళ్లాక నేను పెడన వెళ్లనన్నాను, మావయ్య ఇంకెవర్నో పంపాడు.

ఇక్కడ వాడి జీవితం నాశనమైందని మీరు అనుకుంటుంటారు. కాలేదు. రొయ్యలు బాగానే పెరిగాయి. డాబా వేశాడు. నా టీవీ కంటే వాడి టీవీ పెద్దది. జరిగింది వేరు. ఆ పోటీ తర్వాత వాడు తన లెక్కని తను నమ్మడం మానేశాడు. చెరువులో నీళ్లు చిలికే ఏరియేటర్లు ఏవి కొనాలన్నా నాకు ఫోను, మేత మార్చాలన్నా నాకు ఫోను. రొయ్యకి ముందేదో వెనకేదో తెలియని నేను బందరులో కూర్చుని తీర్పులు చెబుతాను. ఒకసారి నా మాట విని కొన్న మోటార్లు సీజన్ మధ్యలో కాలిపోతే, నేనే సరిగ్గా అడగలేదు బావా, అన్నాడు. ఎవరికైనా కంప్యూటర్ కావాలంటే నా దగ్గరికే పంపుతాడు. పెద్ద అంకె చూసి కొనండి, వాడు చెప్పింది కొనండి, అంటాడట. డ్యూరాన్ పేరెత్తితే, నాకు రొయ్యల లెక్కే వచ్చు అని తనమీద తనే జోకు వేసుకుంటాడట. ఆ జోకు నాది.

మొన్న తన మేనల్లుడికి కంప్యూటర్ కొనడానికి వచ్చాడు. ఇప్పటి చవక ప్రాసెసర్లు రెండు బల్లమీద పెట్టాను. వాడు పెట్టెలు తిప్పి చదివి, కాష్ ఎంత, వేడెంత, మదర్‌బోర్డు ధరెంత అని గొణుక్కుంటూ లెక్క మొదలుపెట్టాడు. సరిగ్గా వేస్తున్నాడు. నాకంటే బాగా వేస్తున్నాడు. సగంలో ఆగి పెట్టె కింద పెట్టేసి, "నేను వేస్తే తప్పుతుందిలే, నువ్వు చెప్పు" అన్నాడు.

అప్పుడు చెప్పాను. నిజంగా చెప్పాను. ఆ రోజు టిక్కు నేనే తీశాను బావా, గెలవాల్సింది నీదే అన్నాను. వాడు నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి, భుజం మీద కొట్టి, పొట్ట పట్టుకుని నవ్వాడు. నువ్వు మారవురా అన్నాడు. ఇంకోసారి చెప్పాల్సింది. గట్టిగా, నవ్వకుండా, చెయ్యి పట్టుకుని చెప్పాల్సింది. నేనేం చేశాను? వాడితో కలిసి నవ్వాను. ఆ టిక్కు కుర్రతనంలో తీశాను, ఒప్పుకుంటాను. ఈ నవ్వు మాత్రం పెద్దయ్యాక నవ్వాను.

అందుకని మీకు రాస్తున్నాను. మీకు నా ముఖం తెలియదు, నా జోకులు అలవాటు లేవు, నమ్మడానికి మీకే వీలుంది. ప్రభుదాసు లెక్క ఎక్కడా తప్పలేదు. ఏ ప్రాసెసరు డబ్బుకి తగ్గ పని చేస్తుందో ఆ రోజుల్లో బందరులో తెలిసినవాడు వాడొక్కడే. వాడి పక్క బల్ల మీద కూర్చుని పనిచేశానని చెప్పుకోవడం నాకు గర్వం. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పుకోలేకపోయిన గర్వం, ఎందుకంటే అది చెబితే మిగతాది కూడా చెప్పాలి.

ఇంత రాశాక కళ్లలో నీళ్లు తిరుగుతాయేమోనని చూశాను. తిరగలేదు. ఆకలేస్తోంది. బాగా ఆకలేస్తోంది.