ఒక బెజ్జం వదులు

చెప్పుల కొట్టులో ఆ పిల్ల ఎదిగే కొద్దీ చెక్క నిచ్చెనకు పని తగ్గిపోయింది. పై అరలోని పెట్టెలను మునివేళ్ళ మీద లేవకుండానే అందుకునేది. చివరికి నిచ్చెనను వెనక గోడకు చేర్చేశారు. దాని పేరు ఈమెకు వచ్చింది. మొదట్లో ఉడుక్కుంది. తర్వాత తర్వాత ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే, పిలిచింది ఎవరినో అని వెనక్కి తిరిగి చూసేది.

కొట్టు మేనమామది. వెనక ఉన్న రెండు గదుల్లోనే కాపురం: మామయ్య, ఆయన చెల్లెలైన వాళ్ళమ్మ, నిచ్చెన. మామయ్యది గల్లాపెట్టె, అమ్మది వంటిల్లు. నిచ్చెనవి కాళ్ళు. అంటే వచ్చినవాళ్ళ కాళ్ళు. ఏటవాలు పీట ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పాదాన్ని అరచేతిలోకి తీసుకుని, చెప్పు తొడిగి, పట్టీ బిగించడం ఆమె పని. మనుషుల ముఖాలు ఆమెకు ఆలస్యంగా గుర్తొచ్చేవి. పాదాలు చూస్తే మాత్రం ఫలానా అని వెంటనే చెప్పేది.

మామయ్య చిన్నప్పుడే నేర్పాడు. సాయంత్రం పూట వచ్చే కాళ్ళు వాచి ఉంటాయి. అలాంటి కాలికి పట్టీ ఒక బెజ్జం వదులుగా పెట్టాలి. బిగించి పెడితే నొప్పంటారు, ఆ జత వద్దంటారు. వదులుగా పెట్టి, "హాయిగా ఉందా అండీ?" అని అడగాలి. ఉందన్న మరుక్షణం జతను పెట్టెలో సర్దేయాలి. అంతే వ్యాపారం.

పక్కనే ఉన్న సెలూన్ ఆయనను వీధంతా సెలూన్ బాబాయి అంటారు. ఒకరోజు ఆయన కత్తెర చేత్తో పట్టుకునే వచ్చాడు.

"ఏమే నిచ్చెనా, దేవుడిచ్చిన పొడుగంతా అట్టపెట్టెల పాలు చేస్తావా? టీవీలో మోడళ్ళ పోటీ పెడుతున్నారు. రా, ఫొటో తీస్తాను."

సెలూన్ తెల్లగోడకు ఆనించి నిలబెట్టి తన ఫోన్లోనే తీశాడు, తన ఫోన్లోనే పంపాడు. పిలుపు వస్తుందని ఆయనతో సహా ఎవరూ అనుకోలేదు. వచ్చింది.

"అక్కడ ఏం చెయ్యాలే?" అంది అమ్మ.

"నడవాలమ్మా."

"నడవడానికి అంత దూరం పోవాలా!"

పోటీకి వచ్చిన ఆడపిల్లలందరినీ ఒక పెద్ద ఇంట్లో ఉంచారు. ఫోన్లు తీసేసుకున్నారు. జరిగినవేవీ టీవీలో వచ్చేదాకా తల్లికి కూడా చెప్పకూడదని సంతకాలు పెట్టించుకున్నారు. వారం వారం ఒకరు వెళ్ళిపోవాలి. వెళ్ళినవాళ్ళు కూడా వెంటనే ఇంటికి పోవడానికి లేదు. ముందే ఇంట్లో కనబడితే ఓడిపోయిందని వీధికి తెలిసిపోతుంది కదా. అందుకని వాళ్ళను ఊరి చివర ఇంకో ఇంట్లో, షూటింగ్ ముగిసేదాకా ఉంచేవారు.

నిచ్చెన మంచం పక్క మంచం ఒక నర్సు పిల్లది. ఆసుపత్రిలో డ్యూటీలు చేసి చేసి ఆమె చీలమండలు సాయంత్రమయ్యేసరికి ఉబ్బిపోయేవి. "నా కాళ్ళు కావివి, దిండ్లు. కావాలంటే తల పెట్టుకుని పడుకో," అనేది. మంచి నవ్వు ఆ పిల్లది. నిచ్చెన ఆ కాళ్ళను ఒళ్ళో పెట్టుకుని నొక్కేది. అలవాటైన చేతులు. మిగతా పిల్లలు మూతి తిప్పినా ఇద్దరూ పట్టించుకోలేదు.

నడకలో నిచ్చెనకు పెద్ద పేరు రాలేదు. పొడుగు ఉంది, భుజాలు ఉన్నాయి, కానీ చూపు నేల మీదే ఉండేది. "ఏమ్మా, కింద ఏదైనా పారేసుకున్నావా?" అన్నాడు జడ్జీల్లో ఒకాయన. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది గానీ, ఇక తన రోజులు దగ్గరపడ్డాయని ఆ నవ్వుతోనే తెలిసిపోయింది.

ఆ వారం మెట్లు దిగుతూ నడవాలి. సన్నటి మడమల చెప్పులు, చీలమండ చుట్టూ ఒకే ఒక్క పట్టీ. తెర వెనక నర్సు పిల్ల ఒక చెక్కపెట్టె మీద కూలబడి కాలు చాపింది.

"నువ్వే పెట్టవే. నా వేళ్ళు వణుకుతున్నాయి."

నిచ్చెన మోకాళ్ళ మీద కూర్చుంది. పాదం అరచేతిలోకి వచ్చింది. చీలమండ ఉబ్బి ఉంది. చెయ్యి దానంతట అదే ఒక బెజ్జం వెనక్కి వెళ్ళింది.

"హాయిగా ఉందా?"

"ఉంది. బిగించావుగా?"

"ఆఁ, బిగించా."

పేరు పిలిచారు. నర్సు పిల్ల పైమెట్టు మీద నవ్వుతూ నిలబడింది. సగం దిగి, మలుపు దగ్గర అడుగు తిప్పేసరికి మడమ చెప్పులోంచి పక్కకు జారింది. మోకాలు మెట్టు అంచుకు కొట్టుకున్న చప్పుడు తెర వెనక్కి వినిపించింది.

ఆ వారం వెళ్ళిపోవాల్సినవాళ్ళ వరుసలో చివరికి ఇద్దరు మిగిలారు, నర్సు పిల్ల, నిచ్చెన. పడిన పిల్లను పంపేశారు.

తర్వాత ఒక్కొక్కరినీ చిన్న గదిలో కెమెరా ముందు కూర్చోబెట్టి మాట్లాడించడం అక్కడి పద్ధతి. ప్రశ్నలు అడిగే మేడమ్ మెత్తటి మనిషి, చెల్లీ అని పిలిచేది. "నీ స్నేహితురాలు పడిపోయింది. ఎలా ఉంది నీకు?" అంది.

"పట్టీ నేనే పెట్టాను మేడమ్. ఒక బెజ్జం వదులుగా పెట్టాను. కాలు వాచి ఉంది కదా, నొప్పి పెడుతుందని."

మేడమ్ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"మళ్ళీ ఒక్కసారి చెప్పు చెల్లీ. కెమెరాలోకి చూస్తూ. ఆ వదులుగా పెట్టాననే ముక్క చాలు."

కొట్టుకు వచ్చినవాళ్ళు ఇంకో జత చూపించమంటే చూపించడమే ఆమెకు తెలుసు. చెప్పింది. గది దాటి బయటికి వచ్చాక గాని, ఏం చేసి వచ్చిందో తలకెక్కలేదు.

మరుసటి వారం ఆమె కూడా బయటికి వచ్చింది. ఊరి చివరి ఇంట్లో నర్సు పిల్ల మోకాలికి కట్టుతో ఎదురొచ్చి కావలించుకుంది. "నా కాలే నన్ను ముంచిందే. ఎవరిని అనుకుని ఏం లాభం!" అంది. షూటింగ్ అయ్యేదాకా ఇద్దరూ ఒకే గదిలో పడుకున్నారు. నిచ్చెన, పొద్దున చెబుదాం అనుకునేది, పొద్దున లేచాక భోజనాలయ్యాక చెబుదాం అనుకునేది. ఆ ఇంట్లో భోజనాలు ఎప్పుడూ అవుతూనే ఉండేవి.

ఇంటికి వచ్చాక షో మొదలైంది. వారానికో భాగం. సెలూన్ బాబాయి వీధినంతా తన షాపులో కూర్చోబెట్టేవాడు. గెలిచిందా ఓడిందా అని ఆయనకు నిద్రపట్టడం లేదు.

"నోటితో చెప్పకే. సంతకం పెట్టావు సరే. తల ఊపకూడదని కూడా పెట్టావా?"

"బాబాయ్, పోనీ వదిలెయ్."

"చూశారా, సిగ్గుపడుతోంది. గెలిచింది!"

వీధంతా చప్పట్లు కొట్టింది. నిచ్చెన మాత్రం కొట్టులో పనుందని లేచి వచ్చేసింది. ఓడిపోయిన సంగతి ఆమెకు బాధ కాదు. ఆ ముక్కను వాళ్ళు ఎలా చూపిస్తారు? మొత్తం చూపిస్తారా, సగం చూపిస్తారా? నర్సు పిల్ల అది టీవీలో వింటుందా? వీధి వింటే, ఇక ఎవరైనా తన చేతికి పాదం ఇస్తారా? పట్టీలు బిగిస్తూ ఉండగానే ఈ ప్రశ్నలు వచ్చేవి. ఒకావిడకు బిగించి, వదులు చేసి, మళ్ళీ బిగించింది. "ఏమ్మా, కాలా, కట్టెల మోపా?" అని కసిరిందావిడ.

"ఏమైందే నీకు? నాలుగు ముద్దలు కూడా దిగడం లేదు," అంది అమ్మ.

"నడిచి నడిచి అలవాటు తప్పిందమ్మా తిండి."

మెట్ల భాగం వచ్చే రోజు మధ్యాహ్నం నర్సు పిల్లకు ఫోన్ చేసింది. చెప్పాల్సిన మాటలు ముందే కూర్చుకుంది. అవతల నుంచి ఒకటే గోల.

"నువ్వటే! డ్యూటీలో ఉన్నాను. సాయంత్రం వార్డు మొత్తం చూస్తారట నేను పడటం. పేషెంట్లు కూడా! ముందే చెప్పాను, నవ్వినవాళ్ళకి రెండు సూదులని. ఏంటి విషయం?"

"ఏం లేదు. మోకాలు ఎలా ఉందని."

"వంగుతోంది. ఉంటా, పిలుస్తున్నారు."

ఫోన్ చేతిలోనే ఉండిపోయింది. మళ్ళీ చేయవచ్చు. చేయలేదు.

సెలూన్లో టీవీ వెనక గోడకు ఉంటుంది. జుట్టు కత్తిరించుకునేవాళ్ళు అద్దాల్లో చూసుకుంటారు. ఆ సాయంత్రం నిచ్చెనను గౌరవంగా తిరుగుడు కుర్చీలో కూర్చోబెట్టారు. ఎటు తిరిగినా అద్దమే, ప్రతి అద్దంలోనూ టీవీయే. మెట్లు వచ్చాయి. నర్సు పిల్ల నవ్వుతూ దిగడం, జారడం, పడటం. "అయ్యో పాపం," అన్నారందరూ. తర్వాత బొమ్మ వెనక్కి పోయింది. తెర వెనక తాను మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ఆ చేతులను పెద్దవి చేసి చూపించారు. ఎవరూ మోగించని డప్పు ఒకటి ఎక్కడో మోగింది. ఆ వెంటనే చిన్న గదిలో తన ముఖం.

"ఒక బెజ్జం వదులుగా పెట్టాను."

అంతే. ప్రకటనలు వచ్చాయి. షాంపూ గురించి ఒక పాప పాడుతోంది.

బాబాయి దువ్వెన తుడుచుకుంటూ నిలబడ్డాడు. మామయ్య లేచాడు.

"వాచిన కాలికి వదులుగానే పెడతారు. నేనే నేర్పాను. ఇందులో ఏముంది?"

"కూర్చున్న కాలికి అన్నయ్యా," అంది అమ్మ నెమ్మదిగా. "అక్కడ మెట్లు దిగాలి."

నిజం ఆ మాటలోనే ఉందని నిచ్చెనకు తెలుసు. కొట్టులో ఆమె చెప్పు పెట్టిన ఏ కాలూ ఆమె కళ్ళముందు నడవలేదు. హాయిగా ఉందనిపించుకోవడంతో ఆమె పని అయిపోయేది.

మరునాటి నుంచి కొట్టుకు వచ్చినవాళ్ళు మర్యాదగానే మాట్లాడారు. "నేను పెట్టుకుంటాలేమ్మా, నీకెందుకు శ్రమ," అనేవారు. కొందరు కుర్రకారు గుమ్మంలో నిలబడి, "మా బావకి ఒక జత కావాలి, కాస్త వదులుగా పెట్టి పంపు. వచ్చే వారం మా ఆస్తి తగాదా ఉంది," అని నవ్వి పోయారు. మామయ్య పళ్ళు కొరుకుతూ ఊరుకున్నాడు. నిచ్చెన పీట దగ్గర నుంచి తప్పుకుని పై అరల పనిలో పడింది. దుమ్ము లేని పెట్టెలకు కూడా దుమ్ము దులిపేది. నర్సు పిల్ల నుంచి ఫోన్ లేదు. తాను చేస్తే ఎత్తడం లేదు.

ఒకనాటి సాయంత్రం గుమ్మంలో తెల్ల బట్టల్లో ఒక మనిషి నిలబడింది. నిచ్చెన ముందు చూసింది చీలమండలనే. చేతిలో పెట్టె జారి కింద పడింది.

నర్సు పిల్ల లోపలికి వచ్చి పీట ముందు కుర్చీలో కూర్చుంది. మామయ్య గల్లాపెట్టె దగ్గర నుంచి లేచి, ఏదో పనున్నట్టు వెనక గదిలోకి వెళ్ళిపోయాడు.

"కావాలని చేశావా?"

"లేదు."

"మరి?"

"అలవాటు. కాలు వాచింది కదా అని... కొట్టులో ఇలాగే పెడతాం."

"అది అర్థమైంది. నేనూ రోజూ కట్లు కట్టేదాన్నే." ఆమె గొంతులో ఎప్పటి నవ్వు లేదు. "అన్ని రోజులు నా పక్కన పడుకున్నావు. నా కాలుని నేను తిట్టుకుంటుంటే విన్నావు. ఒక్క మాట చెప్పలేకపోయావా? వార్డంతా చూస్తుండగా తెలియాలా నాకు?"

నిచ్చెన కింద పడ్డ పెట్టెను తీసి పక్కన పెట్టింది.

"నువ్వు పడ్డప్పుడు, నేను మిగిలానని తెలిసి ఊపిరి పీల్చుకున్నాను. ఒక్క క్షణమే. చెబితే అది కూడా చెప్పాలి కదా అని భయమేసింది."

నర్సు పిల్ల చేతిసంచిని ఒళ్ళో అటు తిప్పింది, ఇటు తిప్పింది. బయట సెలూన్లో రేడియో ఎవరో కట్టేశారు. చెవులు ఇటే ఉన్నాయి కాబోలు.

"డ్యూటీకి బూట్లు కావాలి," అని కాలు చాపింది.

నిచ్చెన మోకాళ్ళ మీద కూర్చుంది. పాదం అందుకోవడానికి కొంత సమయం పట్టింది. తొడిగింది. పట్టీ పెట్టింది. హాయిగా ఉందా అని అడగబోయి ఆగింది.

"లే. లేచి గుమ్మందాకా నడువు."

నర్సు పిల్ల నడిచింది. మడమ కొంచెం ఆడింది. నిచ్చెన వెనకే పాక్కుంటూ వెళ్ళి ఒక బెజ్జం బిగించింది. మళ్ళీ నడిపించింది. మెట్టు ఎక్కించింది, దించింది. మళ్ళీ చూసింది. నొప్పి ఎక్కడ, ఎంత అని అడిగింది.

"చాలు," అంది నర్సు పిల్ల. పాత బూట్లను సంచిలో వేసుకుంది. వస్తాననలేదు, రాననలేదు. నిచ్చెన గుమ్మంలో నిలబడి ఆ మడమలు మూల తిరిగేదాకా చూసింది.

ఇప్పుడు ఆ కొట్టు నిచ్చెనదే. మామయ్య పోయాడు. అమ్మ గల్లాపెట్టె దగ్గర కూర్చుంటుంది, చూపు ఆనకపోయినా. ఆ కొట్టులో కూర్చున్న కాలికి చెప్పులు అమ్మరు. ఎంత తొందరలో వచ్చినవాళ్ళైనా లేచి నడవాలి, గుమ్మం మెట్టు ఎక్కి దిగాలి. "చెప్పులు కొనడానికి వచ్చామా, పరేడ్‌కి వచ్చామా?" అని విసుక్కుంటారు. ఇప్పటికీ వెళ్ళేటప్పుడు ఎవరో ఒకరు ఆ బెజ్జం మాట ఎత్తుతారు, ఆమె నవ్వేస్తుంది. నర్సు పిల్ల మళ్ళీ రాలేదు. ఆసుపత్రి నుంచి మాత్రం నర్సులు వస్తూంటారు. ఎవరు పంపారంటే ఎవరో చెప్పారంటారు.

కొత్త చెప్పులతో ఎవరు మెట్టు దిగినా నిచ్చెన చేతిలో పని అక్కడే ఆగిపోతుంది. వాళ్ళ మడమల మీద నుంచి చూపు తియ్యదు. లోపల అమ్మ పిలుస్తూనే ఉంటుంది. వాళ్ళు మూల తిరిగేదాకా పలకదు.