రాసినవాళ్ళ మాట

వానలో తడిసిన నల్లకోటు వాసన తగిలితే నాకు ఇప్పటికీ సూర్యారావు గారే గుర్తొస్తారు. నర్సీపట్నం కోర్టులో ఆయన నా సీనియర్. సాయంత్రం క్లయింట్లు వెళ్ళిపోయాక ఆయన ఆఫీసు గదిలో మా ఇద్దరికీ రాజ్యాంగం మీద వాదన మొదలయ్యేది. రాసినవాళ్ళు ఏ ఉద్దేశంతో రాశారో అదే దాని అర్థమనీ, మార్చాలనుకుంటే పార్లమెంటు సవరించాలి తప్ప జడ్జీలు కాదనీ ఆయన అనేవారు. కాలంతో పాటు అర్థం పెరగకపోతే అది చచ్చిన కాగితమేనని నేను. "ఇయ్యాళ ఒక జడ్జీగారు దయతో కలిపింది రేపు ఇంకొకాయన కోపంతో తీసేస్తే ఎవర్ని అడుగుతావమ్మా?" అనేవారు. అది పెద్దవయసు భయం అనుకునేదాన్ని.

నాతవరం దగ్గర పల్లెలో ఉండే ఆయన తమ్ముడి కొడుకు శ్రీను, ఊరి కొండ మీద క్వారీ వద్దని జనాన్ని కూడగట్టాడు. శాంతిభద్రతలకు ముప్పని ముందస్తు నిర్బంధం కింద పట్టుకుపోయారు. నేరం రుజువు చేయలేదు, అసలు విచారణే లేదు. వాడి తల్లి పైడమ్మ ఆఫీసు గుమ్మంలోనే కూలబడి, "నా బిడ్డ ఏటి సేసేడు బావగారూ?" అని అడిగింది. ఆమె వెళ్ళాక ఆయన నా వైపు చూడకుండా అన్నారు: "విచారణ లేకుండా బంధించొచ్చని రాసింది ఎవరో కాదు, రాజ్యాంగం రాసినోళ్ళే. తాము జైళ్ళకెళ్ళొచ్చిన వాళ్ళు కూడా అందులో ఉన్నారు. తెలిసే రాసేరు."

న్యాయమైన పద్ధతి లేకుండా మనిషి స్వేచ్ఛ తీయకూడదన్నదే ఈనాటి అర్థమనీ, హైకోర్టుకు వెళదామనీ అన్నాను. పిటిషన్ నన్నే రాయమన్నారు. నా రాతలో డొల్లగా ఉన్న చోటల్లా ఆయనే కూర్చుని గట్టిపరిచారు. జీవితమంతా కాదన్న వాదానికి తన చేత్తోనే పదును పెట్టారు.

వాయిదాలు పడుతూ పోయాయి. మధ్యలో పైడమ్మ జ్వరంతో చనిపోయింది. కొడుకును పంపడానికి అనుమతి వచ్చేసరికి చితి ఆరిపోయింది. నిర్బంధం గడువు తీరి శ్రీను బయటికి వచ్చాక, ఇక తేల్చవలసింది ఏమీ లేదని కోర్టు పిటిషన్‌ను ముగించింది. మా ఇద్దరిలో ఎవరి మాట నిజమో ఎవరూ చెప్పలేదు. శ్రీను మళ్ళీ కొండ ఊసెత్తలేదు. క్వారీ నడుస్తూనే ఉంది.

ఆ ఉత్తర్వు చదివి కళ్ళజోడు తీస్తూ సూర్యారావు గారు అన్నారు: "నువ్వు గెలిస్తే నా నమ్మకం తప్పయ్యీది. తప్పవ్వాలనే ఎదురుచూసేనమ్మా."

ఆయన పోయి కొన్నేళ్ళయింది. నేను ఇప్పటికీ నా పక్షానే వాదిస్తాను. కానీ రాజ్యాంగం మీ బిడ్డను కాపాడుతుందని ఏ తల్లికీ మాటివ్వను. కోర్టును అడుగుదాం అంటాను. ఆ సాయంత్రమే కూర్చుని పిటిషన్ రాస్తాను.